ఆర్ట్ బ్లేకీ ‘ఎ నైట్ ఎట్ బర్డ్‌ల్యాండ్’ (1954): ఇది డ్రమ్మర్ రికార్డా, ట్రంపెట్ రికార్డా?

లయదారి:

ఈ రికార్డు పేరు మన చర్చల్లో అక్కడక్కడా వస్తూనే ఉంటుంది కానీ దీని మీద విడిగా ఎవరూ రాయలేదు. అందుకే కొత్త థ్రెడ్ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు వివరాలు. 1954 ఫిబ్రవరి 21, ఆదివారం రాత్రి. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే మీద, 52వ వీధికి దగ్గర్లో, మెట్లు దిగి వెళ్లే బర్డ్‌ల్యాండ్ క్లబ్. 1949 డిసెంబరులో తెరిచారు. సాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్‌ని అందరూ ‘బర్డ్’ అనేవారు కాబట్టి ఆ పేరు. డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ, ట్రంపెట్ క్లిఫర్డ్ బ్రౌన్, ఆల్టో సాక్సఫోన్ లూ డొనాల్డ్‌సన్, పియానో హోరెస్ సిల్వర్, బేస్ కర్లీ రస్సెల్. బ్లూ నోట్ కంపెనీకి ఆల్‌ఫ్రెడ్ లయన్ చేయించాడు. రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్. అట్ట మీద బ్లేకీ తర్వాతి బృందం పేరు ‘జాజ్ మెసెంజర్స్’ అని ఉండదు, ‘ఆర్ట్ బ్లేకీ క్వింటెట్’ అనే ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇది. డ్రమ్మర్ నడిపే బృందం అనగానే పది నిమిషాల డ్రమ్ సోలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇందులో బ్లేకీ ఒక్కడే వాయించే భాగాలు చాలా తక్కువ. కానీ ప్రతి పాటకీ నాయకుడు ఆయనే. అది వినాలంటే ట్రంపెట్ సోలో నడుస్తున్నప్పుడు ట్రంపెట్‌ని కాసేపు పక్కనపెట్టి దాని వెనక ఏం జరుగుతోందో వినాలి. మొదటి పాట ‘స్ప్లిట్ కిక్’తో మొదలుపెట్టండి. ఒకరి సోలో ముగిసి ఇంకొకరిది మొదలయ్యే చోటు పట్టుకోండి. అక్కడ స్నేర్ (కర్రలతో వాయించే చిన్న డ్రమ్) మీద ఒక రోల్, అంటే ఆగకుండా పడే దెబ్బల వరుస, వస్తుంది. సన్నగా మొదలై పెద్దదవుతూ వెళ్లి కొత్తవాణ్ని ముందుకు నెట్టేస్తుంది. ఆ తోపు తగిలాక ఎవడూ మెల్లగా మొదలుపెట్టలేడు.

మీరందరూ ఏమంటారు?

పాతరికార్డు:

లయదారి గారూ, మంచి పని చేశారు. కానీ మీ వాదనతో నేను ఏకీభవించను.

ఈ రికార్డు ఇన్నేళ్లుగా నిలబడింది క్లిఫర్డ్ బ్రౌన్ వల్ల. ఆ రాత్రికి అతని వయసు 23. అంతకు ముందు సంవత్సరం లయనెల్ హ్యాంప్టన్ బృందంతో యూరప్ తిరిగి వచ్చాడు. ఎంత వేగంలోనైనా ప్రతి స్వరం విడివిడిగా, నిండుగా పలుకుతుంది. ఆ వేగంలో చాలామంది ట్రంపెట్ వాయించేవాళ్లు నాలుగు స్వరాల్లో రెండు మింగేస్తారు. ‘వీ డాట్’ వినండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో కూడా తెలియదు.

ఆ తర్వాత అతనికి మిగిలింది రెండేళ్లు చిల్లర. 1956 జూన్ 26న పెన్సిల్వేనియాలో కారు ప్రమాదంలో పోయాడు. కారులో పియానిస్టు రిచీ పవెల్, అతని భార్య కూడా ఉన్నారు, ముగ్గురూ చనిపోయారు. బ్రౌన్‌కి అప్పటికి 25 ఏళ్లే. క్లబ్బులో జనం ముందు అతను ఎలా వాయించేవాడో ఇంత శుభ్రంగా వినిపించే రికార్డింగులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ లెక్కన ఇది ట్రంపెట్ రికార్డే. పేరు డ్రమ్మర్‌ది, అంతే.

గోదారిగట్టు:

నమస్కారం అండీ. నేను మృదంగం నేర్చుకుంటున్నాను, జాజ్ కొత్త. ఈ థ్రెడ్ చూసి ‘స్ప్లిట్ కిక్’ విన్నాను. నిజం చెప్పాలంటే డ్రమ్స్ నాకు ఒకటే హోరులా వినిపించింది. సింబల్ ఆగకుండా మోగుతూనే ఉంది. ఇందులో తాళం ఎక్కడ పట్టుకోవాలి? సమం, అంటే చుట్టు మొదలయ్యే దెబ్బ, ఎక్కడ? మనకి కచేరీలో చేత్తో తాళం వేస్తూ వినే అలవాటు కదా. ఇక్కడ ఏది పట్టుకుని లెక్కపెట్టాలో అర్థం కావట్లేదు.

లయదారి:

గోదారిగట్టు గారూ, చాలా మంచి ప్రశ్న. మీకు లెక్క తెలుసు కాబట్టి మిగతావాళ్ల కంటే త్వరగా పట్టుకుంటారు.

‘స్ప్లిట్ కిక్’ పక్కనపెట్టి ముందు ‘నౌస్ ద టైమ్’ పెట్టండి. చార్లీ పార్కర్ రాసింది, వేగం మధ్యస్థంగా ఉంటుంది. అది 12 బార్ల బ్లూస్. ఒక్కో బార్‌కి 4 బీట్లు, అంటే 48 బీట్లకి ఒక చుట్టు. ఆ చుట్టుని కోరస్ అంటారు. ముందు పల్లవిలాంటి బాణీ వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరూ అదే చుట్టు మీద కావాల్సినన్ని సార్లు తిరుగుతూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. పియానో వాయించే కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) వరుస ప్రతి చుట్టుకీ మళ్లీ మొదటికి వస్తుంది. మీకు సమం కావాలంటే అదే.

ఇప్పుడు డ్రమ్స్. మీకు ఆగకుండా మోగుతున్నట్టు అనిపించింది రైడ్ సింబల్, కుడిచేతి పని. దాన్ని ప్రస్తుతానికి వదిలేయండి. ఎడమకాలి కింద హైహ్యాట్ ఉంటుంది, రెండు సింబల్స్ ఒకదానితో ఒకటి మూసుకుంటాయి. అది ప్రతి బార్‌లో 2, 4 బీట్ల మీద పడుతుంది. బ్లేకీ దాన్ని ఎంత గట్టిగా మూస్తాడంటే గది ఆ చివర కూర్చున్నవాడికి కూడా వినిపిస్తుంది. మీరు చేత్తో తాళం వేసేటప్పుడు 1, 3 మీద కాకుండా 2, 4 మీద వేసి చూడండి. పాట మొత్తం ఒక్కసారిగా కుదురుకుంటుంది.

అది చేతికి పట్టుబడ్డాక స్నేర్ వినండి. ఎడమచేత్తో వేసే దెబ్బలు లెక్క కోసం కావు, సోలో వాయిస్తున్నవాడితో మాట్లాడటానికి. ఇక నేను మొదట చెప్పిన రోల్‌ని ప్రెస్ రోల్ అంటారు. రెండు కర్రల్నీ తోలు మీద నొక్కిపెట్టి గరగరమనిపించడం. బ్లేకీ దాన్ని 11, 12 బార్ల దగ్గర మొదలుపెట్టి కొత్త చుట్టు మొదటి బీట్ మీద సింబల్ దెబ్బతో దించుతాడు. ఒక చుట్టు ముగుస్తోందని, ఇంకోటి మొదలవుతోందని అంత స్పష్టంగా చెప్పే డ్రమ్మర్ నాకు ఇంకెవరూ తెలియదు. మీకు లెక్క తప్పినా ఆయన మళ్లీ తీసుకొచ్చి ఒకటి మీద నిలబెడతాడు.

ఇదే 12 బార్లు ‘వీ డాట్’లో కూడా ఉన్నాయి, జె.జె. జాన్సన్, లియో పార్కర్ పేర్ల మీద ఉన్న బాణీ. కాకపోతే విపరీతమైన వేగం. ముందు ‘నౌస్ ద టైమ్’లో చుట్టు వంటబట్టించుకుని వెంటనే ‘వీ డాట్’కి వెళ్లండి. అదే లెక్క, కానీ బ్లేకీ చేసే పని వేరు. ఒకచోట తీరిగ్గా దెబ్బలు వేసి సందు ఇస్తాడు. రెండోచోట సందు ఇవ్వకుండా తరుముతాడు.

నీలిస్వరం:

నేను పియానో వాయిస్తాను. మీరిద్దరూ డ్రమ్స్, ట్రంపెట్ అని వాదించుకుంటున్నారు. హోరెస్ సిల్వర్‌ని ఎవరూ తలుచుకోకపోతే ఎలా అండీ?

ఆ రాత్రి బాణీల్లో ‘స్ప్లిట్ కిక్’, ‘క్విక్‌సిల్వర్’, ‘మేరే’ మూడూ అతనివే. అతనికి అప్పుడు 25. మూడూ పాత పాటల కార్డ్‌ల వరుస తీసుకుని వాటి మీద కొత్త బాణీ కట్టినవి. ‘స్ప్లిట్ కిక్’కి ఆధారం ‘దేర్ విల్ నెవర్ బి అనదర్ యూ’. ‘క్విక్‌సిల్వర్’కి ‘లవర్ కమ్ బ్యాక్ టు మి’. ‘మేరే’కి ‘ఆల్ గాడ్స్ చిల్లన్ గాట్ రిథమ్’. బీబాప్ (1940ల్లో వచ్చిన వేగమైన జాజ్ శైలి) వాళ్లందరూ చేసే పనే ఇది. సిల్వర్ ప్రత్యేకత ఏమిటంటే బాణీలోనే డ్రమ్మర్‌కి చోటు వదిలి రాస్తాడు. హార్న్‌లు (ట్రంపెట్, సాక్సఫోన్) ఒక ముక్క వాయించి ఆగుతాయి, ఆ ఖాళీలో బ్లేకీ దెబ్బ పడుతుంది, మళ్లీ హార్న్‌లు అందుకుంటాయి. డ్రమ్స్ తీసేసి ఆ బాణీ పాడి చూడండి, సగమే ఉన్నట్టు అనిపిస్తుంది.

వెనక వాయించడంలో కూడా సిల్వర్ ఎడమచెయ్యి దాదాపు డ్రమ్ లాంటిదే. చిన్న చిన్న ముక్కలు, పొడిగా, గట్టిగా. బ్లేకీ స్నేర్, సిల్వర్ ఎడమచెయ్యి రెండూ కలిసి సోలో వాయిస్తున్నవాణ్ని చెరోవైపు నుంచీ పొడుస్తుంటాయి. పాతరికార్డు గారు చెప్పినట్టు బ్రౌన్ అద్భుతమే. కానీ అతన్ని ఆ స్థాయిలో ఉంచింది వెనకున్న ఈ ఇద్దరూ.

నాయకుడు ఎవరన్నది కూడా అంత తేలిక విషయం కాదు. 1954 నవంబరులో, 1955 ఫిబ్రవరిలో ‘జాజ్ మెసెంజర్స్’ పేరు పెట్టుకుని బ్లూ నోట్‌కి రికార్డు చేసినప్పుడు నాయకుడిగా అట్ట మీద ఉన్నది సిల్వర్ పేరే. 1956లో సిల్వర్ వెళ్లిపోయాడు. పేరు బ్లేకీ దగ్గర ఉండిపోయింది, 1990లో ఆయన పోయేదాకా ఉంది.

జెర్సీ_శ్రోత:

రికార్డింగ్ గురించి నాలుగు మాటలు. నేను ఉండేది న్యూజెర్సీలో, హ్యాకెన్‌సాక్ మాకు దగ్గరే. వాన్ గెల్డర్ స్టూడియో అప్పట్లో అక్కడే, అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో. పగలు కళ్ల పరీక్షలు చేసి కళ్లద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టు, మిగతా టైంలో రికార్డింగులు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకునేదాకా బ్లూ నోట్ వాళ్ల పేరున్న రికార్డులు చాలా భాగం ఆ ముందుగదిలో పుట్టినవే.

అలాంటి మనిషి తన గది వదిలి, సామాను మోసుకుని క్లబ్బుకి వచ్చాడు. అంతకు ముందు బర్డ్‌ల్యాండ్ నుంచి రేడియో ప్రసారాలు జరిగేవి, వాటిని పట్టుకున్న రికార్డింగులు దొరుకుతాయి. వాటిలో డ్రమ్స్ ఎక్కడో దూరాన డబ్బా కొట్టినట్టు ఉంటాయి. ఇక్కడ చూడండి, మోనో రికార్డింగే, అయినా రైడ్ సింబల్ ఒక చోట, స్నేర్ ఒక చోట, బేస్ డ్రమ్ కిందుగా విడివిడిగా తెలుస్తాయి. జనం గ్లాసుల చప్పుడు, మాటలు, మధ్యలో అరుపులు అన్నీ ఉన్నాయి కానీ సంగీతాన్ని మింగలేదు. లయదారి గారు చెప్పే వాదన మనం ఈరోజు చేయగలుగుతున్నామంటే అది ఆ మైకుల వల్ల. డ్రమ్మర్ ఏం చేస్తున్నాడో వినిపించని రికార్డింగులో డ్రమ్మర్ నాయకత్వం గురించి ఏం మాట్లాడతాం?

ఇంకో సంగతి. ఇది మొదట 10 అంగుళాల ఎల్పీలుగా వచ్చింది, మూడు భాగాలు. ఆ సైజు పళ్లేనికి ఒక్కో పక్క దాదాపు పన్నెండు, పదమూడు నిమిషాల సంగీతమే పడుతుంది. క్లబ్బులో ఒక్కో పాటే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు సాగుతుంది కాబట్టి పక్కకి ఒకటి, మహా అయితే రెండు. తర్వాత 1956లో 12 అంగుళాల పళ్లేలు రెండుగా మళ్లీ వేశారు, 1521, 1522 నంబర్లు. కొన్ని పాటలు తర్వాతి దశాబ్దాల్లో గానీ బయటికి రాలేదు. 2001లో వాన్ గెల్డరే మళ్లీ కూర్చుని మాస్టరింగ్ చేసిన సీడీలు వచ్చాయి. ఇప్పుడు వినేవాళ్లకి నా సలహా: పాటల మధ్య మాటలు కోసేసిన వెర్షన్లు వద్దు. ఆ మాటలు కూడా రికార్డులో భాగమే.

గోదారిగట్టు:

లయదారి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ‘నౌస్ ద టైమ్’ 2, 4 మీద తాళం వేస్తూ విన్నాను. మొదటి కోరస్‌లో చెయ్యి మళ్లీ మళ్లీ ఒకటి మీదకి వెళ్లిపోతోంది కానీ మూడో కోరస్‌కి కుదిరింది. ఇప్పుడు ఆ రోల్ ఎందుకు వస్తోందో తెలుస్తోంది. తీర్మానం (ముగింపు ముక్క) వేసి సమం మీద దింపుతాం కదా, ఆ పనే చేస్తోంది అది. తేడా ఏమిటంటే మేము తీర్మానం వేసేటప్పుడు లెక్క కట్టుకుని మూడుసార్లు వేస్తాం. ఈయన లెక్కతో కాకుండా బిగువు పెంచి దించుతున్నాడు. ముక్క ఒకటే, ధ్వని పెరుగుతూ పోతుంది.

మా గురువుగారు ఎప్పుడూ అంటుంటారు, తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) బాగా వాయించడం కంటే కృతికి బాగా వాయించడం కష్టం అని. మీ మొదటి పోస్టులో ఉన్నది కూడా అదే కదండీ.

ఒక ప్రశ్న. ‘ఎ నైట్ ఇన్ ట్యునీషియా’ ముందు బ్లేకీ ఏదో చెబుతాడు, జనం నవ్వుతారు. నాకు సరిగ్గా అర్థం కాలేదు.

పాతరికార్డు:

చెబుతాను. ఈ పాటంటే తనకి ప్రత్యేకమైన చనువు ఉందని, ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ దీన్ని టెక్సాస్‌లో ఒక చెత్తడబ్బా అడుగు మీద కంపోజ్ చేస్తున్నప్పుడు తను పక్కనే ఉన్నానని అంటాడు. జనం నవ్వితే, నిజమే చెబుతున్నానంటాడు.

ఆ కథని చరిత్ర పుస్తకంలోకి ఎక్కించనక్కర్లేదు. గిలెస్పీ ఆ బాణీ 1940ల మొదట్లోనే కట్టాడు. బ్లేకీ, గిలెస్పీ కలిసి పనిచేసింది 1944లో మొదలైన బిల్లీ ఎక్‌స్టైన్ బృందంలో. కాకపోతే ఆ కథ వెనక ఒక నిజం ఉంది. ఎక్‌స్టైన్ బృందంలో గిలెస్పీ, పార్కర్, డెక్స్‌టర్ గోర్డన్, సారా వాన్ లాంటివాళ్లు ఉండేవారు. బీబాప్ ఇంకా రూపం దిద్దుకుంటున్న రోజుల్లో దానికి డ్రమ్స్ ఎలా వాయించాలో బ్లేకీ ఆ కుర్చీలో కూర్చుని కనిపెట్టుకున్నాడు. ‘నేను అక్కడే ఉన్నాను’ అన్నమాట ఆ అర్థంలో అక్షరాలా నిజం.

ఇంకో ప్రకటన కూడా ఉంది. ఇదే చాలా పేరు పొందింది. తను కుర్రాళ్లతోనే ఉంటానని, వీళ్లు ముసలివాళ్లయితే ఇంకా చిన్నవాళ్లని తెచ్చుకుంటానని, అలా ఉంటే బుర్ర చురుగ్గా ఉంటుందని అంటాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన వయసు 34. తర్వాత 36 ఏళ్లు ఆ మాట మీదే బతికాడు. లీ మోర్గన్, వేన్ షార్టర్, ఫ్రెడ్డీ హబ్బర్డ్, కీత్ జారెట్, వింటన్ మార్సాలిస్, టెరెన్స్ బ్లాంచార్డ్ అందరూ ఆ బృందంలో కుర్రతనంలో పనిచేసి వెళ్లి సొంత బృందాలు పెట్టుకున్నవాళ్లే.

ట్రంపెట్ విషయంలో నా మాట నాదే. కానీ నాయకత్వం అంటే మనుషుల్ని ఎంచుకోవడం అని లయదారి గారు వాదించి ఉంటే నేను మొదటి పోస్టులోనే ఒప్పుకునేవాణ్ని.

లయదారి:

ఎంచుకోవడం ఒక్కటే కాదండీ. ఎంచుకున్నవాడి చేత అతనికే తెలియని బలం బయటికి తీయించడం. బ్రౌన్ ఇదే 1954లో, ఈ రికార్డు తర్వాత వెంటనే, మాక్స్ రోచ్‌తో కలిసి బృందం పెట్టాడు. రోచ్ కూడా గొప్ప డ్రమ్మరే. రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి వినండి. రోచ్ వెనక ఉన్నప్పుడు బ్రౌన్ వాక్యాలు నున్నగా, తీర్చిదిద్దినట్టు, ముందే ఆలోచించి కూర్చినట్టు ఉంటాయి. బ్లేకీ వెనక ఉన్నప్పుడు అతను తెగిస్తాడు. ఒక వాక్యం మధ్యలో స్నేర్ మీద దెబ్బ పడితే అక్కడే దారి మార్చుకుంటాడు. ‘ట్యునీషియా’లో మధ్య భాగం చివర నాలుగు బార్లు అందరూ ఆగిపోతారు, సోలో మొదలుపెట్టేవాడు ఒక్కడే ఆ నాలుగు బార్లూ దాటాలి. ఆ ఖాళీ దాటగానే బ్లేకీ ఎలా వచ్చి పడతాడో వినండి. ట్రంపెట్ అదే, మనిషి అతనే, కానీ వేరేలా వాయిస్తున్నాడు. దానికి కారణం వెనకున్న మనిషి కాకపోతే ఇంకేమిటి?

కొత్తచెవులు:

ఇక్కడ ఒక ప్రశ్న అడగొచ్చా? ‘ట్యునీషియా’లో టామ్‌ల (స్నేర్ పక్కన ఉండే లోతు ధ్వని డ్రమ్ముల) మీద వాయించే భాగం ఆఫ్రికా డప్పుల్లా ఉంది. బ్లేకీ ఆఫ్రికా వెళ్లి నేర్చుకున్నాడని ఎక్కడో చదివాను. నిజమేనా?

పాతరికార్డు:

1940ల చివర్లో పశ్చిమ ఆఫ్రికా వెళ్లాడు. ఇస్లాం స్వీకరించి అబ్దుల్లా ఇబ్న్ బుహైనా అనే పేరు తీసుకున్నాడు. తోటి వాద్యకారులు ‘బు’ అని పిలిచేది అందుకే. మోచేతిని డ్రమ్ తోలు మీద ఆనించి, నొక్కుతూ వదులుతూ శ్రుతి పైకీ కిందకీ మార్చడం ఆయన వాయిద్యంలో వినిపిస్తుంది. అది అక్కడి డ్రమ్ముల పద్ధతికి దగ్గర.

కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. జాజ్ ఆఫ్రికాదని ఎవరైనా అంటే బ్లేకీ గట్టిగా కాదనేవాడు. అమెరికా లేకపోతే జాజ్ లేదన్నది ఆయన అభిప్రాయం. ఇది పిట్స్‌బర్గ్‌లో పుట్టిన మనిషి, అమెరికా క్లబ్బుల్లో నేర్చుకున్న విద్య. కాబట్టి ఆ టామ్‌ల శబ్దం విని మొత్తం ఆఫ్రికా ఖాతాలో వేస్తే ఆయనకే నచ్చదు.

గోదారిగట్టు:

మోచేత్తో శ్రుతి మార్చడం అంటే నాకు చాలా ఆసక్తిగా ఉంది. ఏ పాటలో బాగా తెలుస్తుంది?

లయదారి:

‘ట్యునీషియా’లోనే, డ్రమ్స్ ఒంటరిగా వచ్చే చోట టామ్‌ల మీద దృష్టి పెట్టండి. ఇంకా బాగా కావాలంటే అదే పాటని బ్లేకీ 1960లో లీ మోర్గన్, వేన్ షార్టర్‌లతో బ్లూ నోట్‌కే స్టూడియోలో మళ్లీ చేశాడు. అందులో డ్రమ్స్ భాగం చాలా పెద్దది. కానీ నాకు 1954దే ఎక్కువ ఇష్టం. 1960 నాటికి ఆ పాట ఒక ప్రదర్శన అయింది. ఇక్కడ ఇంకా ప్రయోగం.

నీలిస్వరం:

మొదట్లో గొంతు పెంచి అందర్నీ పరిచయం చేసే మనిషి గురించి ఎవరూ రాయలేదు. ఆయన పీ వీ మార్కెట్, బర్డ్‌ల్యాండ్‌లో ప్రకటనలు చేసే మనిషి. చాలా పొట్టి. చేతిలో డబ్బులు పెట్టని వాద్యకారుల పేర్లు కావాలని తప్పుగా పలికేవాడని జాజ్ వాళ్లు చెప్పుకుంటారు. 1993లో అస్3 (Us3) అనే హిప్‌హాప్ బృందం వాళ్లు ‘క్యాంటలూప్’ పాటలో వాడుకున్న గొంతు ఆ రాత్రిదే. జాజ్ ఒక్క ముక్క కూడా వినని వాళ్లకి కూడా ఆ గొంతు తెలిసి ఉంటుంది.

జెర్సీ_శ్రోత:

అవును, మా అబ్బాయికి ఈ రికార్డు వినిపిస్తే మొదటి పది సెకన్లలోనే ‘ఇది నాకు తెలుసు నాన్నా’ అన్నాడు. బ్లేకీని కాదు, మార్కెట్‌నే గుర్తుపట్టాడు!

కొత్తచెవులు:

ఇది విన్నాక డ్రమ్మర్లు నాయకులుగా ఉన్న లైవ్ రికార్డులు ఇంకేం వినాలో చెప్పండి. బ్రౌన్, రోచ్‌ల ‘ఎట్ బేసిన్ స్ట్రీట్’ దొరికింది, దాంతో మొదలుపెట్టనా?

జెర్సీ_శ్రోత:

వినండి, గొప్ప రికార్డు. కానీ అది లైవ్ కాదు. పేరు చూసి క్లబ్బులో రికార్డు చేసిందనుకుంటారు, అది 1956లో స్టూడియోలో చేసింది. రోచ్, బ్రౌన్ నిజంగా జనం ముందు వాయించింది కావాలంటే 1954లో కాలిఫోర్నియా కచేరీల రికార్డింగు ‘ఇన్ కన్సర్ట్’ వెతకండి.

బ్లేకీవే ఇంకా కావాలంటే 1955 నవంబరు 23న కేఫ్ బొహీమియాలో చేసినవి రెండు భాగాలు. ట్రంపెట్ కెన్నీ డోర్హమ్, టెనర్ సాక్సఫోన్ హ్యాంక్ మోబ్లీ, పియానో ఇంకా సిల్వరే. దీని పక్కన పెడితే అది చాలా నెమ్మదైన, సుఖమైన రికార్డు. తర్వాత 1960లో మళ్లీ బర్డ్‌ల్యాండ్‌కే వచ్చి చేసిన ‘మీట్ యూ ఎట్ ద జాజ్ కార్నర్ ఆఫ్ ద వరల్డ్’, 1963లో అక్కడే చేసిన ‘ఉగెట్సు’.

వేరే డ్రమ్మర్లవి: షెల్లీ మాన్ 1959లో శాన్ ఫ్రాన్సిస్కో బ్లాక్ హాక్ క్లబ్‌లో చేసినవి. బ్లేకీకి పూర్తిగా వ్యతిరేక దిశ. మాన్ తక్కువ వాయించి ఎక్కువ చెబుతాడు. ఎల్విన్ జోన్స్ ‘లైవ్ ఎట్ ద లైట్‌హౌస్’, 1972 సెప్టెంబరు 9న, ఆయన 45వ పుట్టినరోజున రికార్డు చేసింది. పియానో లేదు. ఇద్దరు సాక్సఫోన్ వాళ్లు, బేస్, డ్రమ్స్, అంతే. దానికి కొంచెం ఓపిక కావాలి, తొందరపడి మొదట అది వినకండి. పెద్ద బృందం ఇష్టమైతే బడ్డీ రిచ్ 1966లో హాలీవుడ్‌లో చేసిన ‘స్వింగిన్ న్యూ బిగ్ బ్యాండ్’.

పాతరికార్డు:

ఈ థ్రెడ్‌లో ఇంతమంది రాశారు, లూ డొనాల్డ్‌సన్ గురించి ఒక్కరూ రాయలేదు. ఆ ఐదుగురిలో ఆఖరుగా పోయింది ఆయనే, 2024 నవంబరులో, 98 ఏళ్ల వయసులో. ‘ఇఫ్ ఐ హ్యాడ్ యూ’ ఆయన కోసం పెట్టిన పాట. నెమ్మదైన పాట. బ్రౌన్‌కి ‘వన్స్ ఇన్ ఎ వైల్’ ఎలాగో ఈయనకి ఇది అలాగ. చార్లీ పార్కర్ నీడ ఆల్టో వాయించే ప్రతివాడి మీదా పడిన రోజుల్లో, పార్కర్ పేరు మీదున్న క్లబ్బులో, పార్కర్ బాణీలే ‘కన్ఫర్మేషన్’, ‘నౌస్ ద టైమ్’ వాయించడం ఎంత టెన్షన్ పెట్టే పనో ఆలోచించండి. పక్కన బ్రౌన్ ఉన్నాడు. అయినా ఈయన సోలోల్లో ఎక్కడా తడబాటు లేదు. అందులో ఉన్న బ్లూస్ రుచి పార్కర్‌ది కాదు, సొంతం. ఆ తర్వాత ఆయన బ్లూ నోట్‌కి చేసిన డజన్ల రికార్డుల్లో పెద్దదయ్యేది ఆ రుచే.

గోదారిగట్టు:

అయితే ఇక మిగిలింది బేస్ ఆయనే. కర్లీ రస్సెల్ గురించి కూడా ఎవరైనా చెప్పండి. నాకు ఆయన వాయిద్యం కొన్నిచోట్ల వినిపిస్తుంది, కొన్నిచోట్ల డ్రమ్స్ కింద కలిసిపోతుంది.

లయదారి:

బ్లేకీ ‘కుర్రాళ్లు’ అన్నప్పుడు ఆ లెక్కలోకి రాని మనిషి రస్సెల్ ఒక్కడే, బ్లేకీ కంటే పెద్దవాడు. 1940ల్లో పార్కర్, గిలెస్పీలతో వాయించినవాడు. పార్కర్ రికార్డు చేసిన ‘డోనా లీ’ అనే బాణీ పేరు రస్సెల్ కూతురిదే. 1950ల చివరికి సంగీతం వదిలేశాడు. అందుకే పేరు పెద్దగా వినపడదు.

మీకు డ్రమ్స్ కింద కలిసిపోయినట్టు అనిపించడానికి కారణం ఉంది. ఆయన దాదాపు ఎప్పుడూ బార్‌కి నాలుగు స్వరాలు నడుపుతూ పోతాడు, అలంకారాలు చేయడు. బ్లేకీ కుడిచేతి సింబల్, రస్సెల్ నాలుగు స్వరాలు ఒకే నడకలో పడతాయి. అది స్థిరంగా ఉంది కాబట్టే బ్లేకీ ఎడమచేతికి అంత స్వేచ్ఛ దొరికింది. ‘వీ డాట్’లో ఒక్కసారి ట్రంపెట్, స్నేర్ రెండూ వదిలేసి బేస్ ఒక్కటే పట్టుకుని చివరిదాకా వెళ్లండి. ఆ వేగంలో అన్ని నిమిషాలు వేళ్లతో ఆ తీగలు లాగడం ఎంత కష్టమో బేస్ వాయించేవాళ్లని అడగండి. చిన్న స్పీకర్లలో ఇది వినిపించదు, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.